మనోవ్యాధికి మందు: రసాయనమా, సమాజమా?

మనోవ్యాధికి మందు లేదని మనవాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. ఈ మాటను ఓదార్పుగానూ వాడతారు, చేతులు దులుపుకోవడానికీ వాడతారు. మన సాహిత్య విమర్శ కూడా చాలాకాలంగా ఈ సామెత చుట్టూనే తిరుగుతోందని నా అనుమానం. ఒక కథలోనో కవితలోనో అంతులేని దుఃఖం కనిపించగానే మనం రెండుగా చీలిపోతాం. ఇది వ్యవస్థ తెచ్చిన దుఃఖం, వ్యవస్థ మారితే పోతుంది అంటారు కొందరు. ఇది మెదడులో రసాయనాల తేడా, గోలీ వేసుకుంటే పోతుంది అంటారు మరికొందరు. మొదటివారికి మెదడంటే అనుమానం. రెండోవారికి సమాజమంటే విసుగు.

నేను వైద్యుణ్ణి కాను. కాచిగూడలో తెలుగు పాఠాలు చెప్పుకునే బడిపంతుల్ని. ఈ విషయం జోలికి రావడానికి ఒక కారణముంది. 2002 ప్రాంతంలో ఎం.ఏ. చదివేటప్పుడు హాస్టల్లో నా గదిలో ఒక మిత్రుడుండేవాడు. కవిత్వం రాసేవాడు. ఆ ఏడు వర్షాకాలం నుంచి అతను తెల్లవారుజామున మూడింటికే లేచి గోడకానుకొని కూర్చునేవాడు. మెస్సుకు రావడం మానేశాడు. స్నానం మానేశాడు. రాసిన నాలుగు కవితలు మా అధ్యయన బృందంలో చదివితే, లేచి నిలబడి వాటిని "నైరాశ్య ధోరణి" అని విమర్శించినవాణ్ణి నేనే. ప్రజల మధ్యకు వెళితే ఈ దిగులు పోతుందని సలహా కూడా ఇచ్చాను. అతను ఏమీ అనలేదు. సంక్రాంతికి ఊరికి వెళ్ళి తిరిగి రాలేదు. పరీక్షలు రాయలేదు.

నేను చెప్పింది సిద్ధాంతం దృష్ట్యా తప్పని ఆనాడు అనిపించలేదు. ఇవాళ అనిపిస్తోంది. ఎందుకో చెప్పాలంటే కుంగుబాటుకు సంబంధించిన మెదడు శాస్త్రం ఎట్లా ఏర్పడిందో చరిత్ర క్రమంలో చూడాలి. ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం మన తార్నాకలోనే ఉంది.

1. తార్నాకలో జొన్నల కథ

కాచిగూడ నుంచి నల్లకుంట, విద్యానగర్ మీదుగా తార్నాక వైపు వెళితే విశ్వవిద్యాలయ ప్రాంగణం పక్కనే జాతీయ పోషకాహార సంస్థ కనిపిస్తుంది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధన కోసం మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు పెట్టుకున్న సంస్థ ఇది. మెదడుకూ దీనికీ సంబంధమేమిటని అడగవచ్చు. సంబంధం జొన్నలో ఉంది.

1950, 60 దశకాల్లో దక్కను మెట్టపొలాల్లో జొన్నే తిండి. జొన్న రొట్టె, జొన్న గటక తప్ప మరొకటి ఎరగని కూలి జనంలో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ సోకే చోట్ల, చేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ హారంలాగా, చర్మం నల్లబడి పొలుసులు కట్టేది. విరేచనాలయ్యేవి. వీటితోపాటు మనసు కుంగిపోయేది. నిద్ర పట్టేది కాదు. దేనిమీదా ఆసక్తి ఉండేది కాదు. ముదిరితే మతి చలించేది, ప్రాణమూ పోయేది. చర్మం మీది మచ్చను గుర్తుపట్టలేకపోతే ఆ రోగిని పిచ్చివాడని అనుకోవడం తేలిక.

ఈ జబ్బుకు ప్రపంచ చరిత్ర ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల పిచ్చాసుపత్రులు పెల్లాగ్రా రోగులతో నిండిపోయాయి. అది అంటువ్యాధి అన్నారు. చెడ్డ వంశాల జబ్బు అన్నవారూ ఉన్నారు. 1914లో ప్రభుత్వ వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ ఒక చిన్న విషయం గమనించాడు. అనాథాశ్రమాల్లోనూ పిచ్చాసుపత్రుల్లోనూ రోగులకే ఈ జబ్బు వస్తోంది, వాళ్ళ మధ్యే తిరిగే సిబ్బందికి రావడం లేదు. అంటువ్యాధి అయితే మనిషి హోదా చూసి అంటుకోదు కదా! తిండిలో పాలు, మాంసం, గుడ్లు చేర్చగానే ఆ ఆశ్రమాల్లో జబ్బు తగ్గింది. 1915లో మిసిసిపీ జైలు ఖైదీలకు మొక్కజొన్న ప్రధానమైన నాసిరకం తిండి పెడితే ఆరోగ్యవంతుల్లోనే జబ్బు పుట్టింది. 1916లో అంటువ్యాధి వాదాన్ని పూర్తిగా ఖండించడానికి ఆయన రోగుల రక్తాన్ని తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. ఆ తర్వాత సిడెన్‌స్ట్రికర్ అనే ఆర్థికవేత్తతో కలిసి దక్షిణ కెరొలినా నూలు మిల్లుల పల్లెలు తిరిగి, కుటుంబ ఆదాయం తగ్గినకొద్దీ పెల్లాగ్రా పెరుగుతోందని లెక్క తేల్చాడు. 1937లో ఎల్వెజెమ్ అనే జీవరసాయన శాస్త్రవేత్త లోపించిన పదార్థం నయాసిన్ అనే విటమిన్ అని నిర్ధారించాడు. ఏళ్ళుగా మతి చలించినట్టు కనిపించినవారు ఆ విటమిన్ ఇచ్చిన కొద్ది రోజుల్లోనే తేరుకున్నారు.

ఐతే దక్కనులో ఒక చిక్కు వచ్చింది. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ అనే ఆమ్లం తక్కువ. శరీరం నయాసిన్‌ను కొంత దీనినుంచే తయారుచేసుకుంటుంది కనుక మొక్కజొన్న తినేవారికి జబ్బు ఎందుకొస్తుందో అర్థమైంది. జొన్నలో ఆ లోటు అంతగా లేదు. మరి జొన్న తినేవారికి ఎందుకు రావాలి? సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో లాన్సెట్ పత్రికలో ఒక ప్రతిపాదన చేశారు. జొన్నలో లూసిన్ అనే మరో ఆమ్లం ఎక్కువగా ఉందనీ, అది ట్రిప్టోఫాన్ నయాసిన్‌గా మారే దారిని చెడగొడుతోందనీ వారి వాదం. దీనిమీద తర్వాత ప్రపంచమంతటా వాదోపవాదాలు జరిగాయి, అందరూ ఒప్పుకోలేదు. కాని ఈ వాదం తార్నాక పరిశోధకులను మరో ద్వారం దగ్గరకు తీసుకువెళ్ళింది. ట్రిప్టోఫాన్ నుంచి శరీరం తయారుచేసుకునే రెండో పదార్థం సెరొటోనిన్. మెదడులో ఒక నాడీకణం నుంచి మరో కణానికి సంకేతం మోసుకుపోయే రసాయనాల్లో అదొకటి. కుంగిపోయిన పెల్లాగ్రా రోగుల మానసిక మార్పులకూ, వారి రక్త ఫలకికల్లోని సెరొటోనిన్‌కూ ఉన్న సంబంధాన్ని పరిశీలించిన పత్రాన్ని కమలా కృష్ణస్వామి, రమణమూర్తి 1970లో ప్రచురించారు.

ఈ సంగతిని సాహిత్య విద్యార్థులు కొంచెం ఆగి ఆలోచించాలని నా మనవి. కూలి చాలని మనిషి జొన్న తప్ప కొనలేడు. ఆ జొన్న అతని రక్తంలోకి, రక్తం నుంచి మెదడులోకి వెళ్ళి అతని మనసును కుంగదీస్తుంది. ఇందులో సమాజం ఎక్కడ ఆగింది, రసాయనం ఎక్కడ మొదలైంది? గీత గీసి చూపించగలమా? అతనికి వెంటనే కావలసింది నయాసిన్ గోలీ. అది ఇవ్వకుండా కూలిరేట్ల గురించి ఉపన్యసిస్తే మనిషి పోతాడు. గోలీ ఇచ్చి మళ్ళీ అదే కంచం ముందు కూర్చోబెడితే వచ్చే ఏడు మళ్ళీ వస్తాడు. దక్కనులో పెల్లాగ్రా తర్వాతి దశాబ్దాల్లో అరుదైపోయింది. తిండి మారడమే అందుకు ముఖ్యకారణం. అయినా అప్పటిదాకా బతికించింది విటమినే.

కుంగుబాట్లన్నీ పెల్లాగ్రా లాంటివని నేననడం లేదు. ఒక విటమిన్‌తో తేలిపోయే జబ్బు కాదది. పెల్లాగ్రా మనకొక పాఠం మాత్రమే. మిగతా కథ ఇంకా చిక్కైనది.

2. సర్పగంధి వేరు

ఆ కథ కూడా మన దేశపు మట్టిలోనే మొదలవుతుంది. సర్పగంధి వేరును ఉన్మాదానికీ నిద్రలేమికీ మన నాటువైద్యులు ఏనాటి నుంచో వాడుతున్నారు. 1931లో కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ ఈ వేరు ఉన్మాదాన్నీ రక్తపోటునూ తగ్గిస్తోందని రాశారు. అదే ఏడాది ఢిల్లీ తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దీఖీ బృందం ఆ వేరులోని సారాలను వేరుచేసి, ఒకదానికి హకీం అజ్మల్ ఖాన్ పేరు మీదుగా అజ్మలిన్ అని పేరు పెట్టింది. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటు రోగుల మీద ఈ మందు పనితీరును బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించాకగాని పశ్చిమ దేశాలు దీన్ని పట్టించుకోలేదు. పట్టించుకున్నాక ఆలస్యం చేయలేదు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ వేరులోంచి రెసర్పిన్ అనే సారాన్ని తీసింది. 1954లో న్యూయార్క్ రాష్ట్రంలో నేథన్ క్లైన్ దాన్ని మానసిక రోగుల మీద వాడి ఫలితాలు ప్రకటించాడు.

సెరొటోనిన్‌ను 1948లో రక్తంలోంచి వేరుచేశారు. 1953లో బెటీ ట్వరోగ్ అనే యువ శాస్త్రవేత్త అది మెదడులో కూడా ఉందని చూపింది. 1955లో అమెరికాలో బ్రోడీ, ప్లెచర్, షోర్ రెసర్పిన్ ఇచ్చిన జంతువుల ఒంట్లో సెరొటోనిన్ నిల్వలు ఖాళీ అవుతున్నాయని కనుగొన్నారు. రెసర్పిన్ ఎక్కిన కుందేళ్ళు కదలకుండా ముడుచుకుపోయేవి. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ వాటికి డోపా అనే పదార్థం ఎక్కించి మళ్ళీ లేచి తిరిగేట్టు చేశాడు. ఈ దారిలో చేసిన కృషికి ఆయనకు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. మనసులో జరిగేదానికి పరీక్షనాళికలో కొలవగల ఒక కొలత దొరికిందని శాస్త్రజ్ఞులకు మొదటిసారి అనిపించింది అప్పుడే. రక్తపోటుకు రెసర్పిన్ వాడినవారిలో కొందరు కుంగిపోయారన్న వార్తలు కూడా తోడయ్యాయి. రసాయనం తగ్గితే మనసు కుంగుతుంది అనే ఊహకు ఇది బలమైన ఆధారంలా కనిపించింది.

కాని చరిత్ర చదివేవారు రెండో పేజీ కూడా తిప్పాలి. అదే 1955లో లండన్‌లో డేవిస్, షెపర్డ్ ఆందోళన, కుంగుబాటు ఉన్న రోగులకు రెసర్పిన్ ఇచ్చి, ఉత్తుత్తి గోలీ వేసుకున్నవారితో పోల్చి చూశారు. రెసర్పిన్ వేసుకున్నవారికే మేలు జరిగింది. పత్రం లాన్సెట్‌లోనే వచ్చింది. ఊహకు అనుకూలమైన వార్తలు ప్రచారమయ్యాయి, ఈ పత్రం మరుగున పడింది. ఈ ధోరణి సాహిత్య చరిత్ర చదివేవాళ్ళకు కొత్తేమీ కాదు.

3. రెండు ఆస్పత్రులు

కుంగుబాటుకు తొలి మందులు రెండూ వేరే జబ్బుకు వెతుకుతుంటే దొరికినవే. 1952లో న్యూయార్క్ స్టాటెన్ ఐలండ్‌లోని సీవ్యూ క్షయ ఆస్పత్రిలో ఇప్రోనియజిడ్ అనే కొత్త మందు ఇచ్చారు. మంచం దిగలేని రోగులు ఆకలిగా తిన్నారు, నవ్వారు, వార్డులో కలివిడిగా తిరిగారు. అది మందు దుష్ఫలితమని మొదట అనుకున్నారు. ఆ మందు, మెదడు రసాయనాలను విరగ్గొట్టే ఒక ఎంజైమును ఆపుతుందని అదే ఏడాది జెల్లర్ కనుగొన్నాడు. 1957లో నేథన్ క్లైన్, అతని సహచరులు దాన్ని కుంగుబాటు మందుగా ప్రకటించారు. కాలేయం దెబ్బతింటోందని 1961లో అమెరికా మార్కెట్టు నుంచి తీసేశారు.

రెండోది స్విట్జర్లాండ్‌లోని మున్‌స్టర్‌లింగెన్ మానసిక వైద్యశాల. అక్కడ రోలండ్ కూన్ అనే వైద్యుడు గైగీ కంపెనీ పంపిన మందును స్కిజోఫ్రీనియా రోగుల మీద వాడి చూశాడు. అది పనిచేయలేదు. 1956లో కుంగుబాటు రోగులకు ఇచ్చి చూస్తే, వారాల తరబడి మాట్లాడనివారు మాట్లాడారు. 1957లో జ్యూరిక్ ప్రపంచ మహాసభలో ఆయన దీన్ని ప్రకటించాడు. ఆ మందు ఇమిప్రమిన్. ఇక్కడ కూడా రెండో పేజీ ఉంది. కూన్ దశాబ్దాలపాటు చాలామంది రోగుల మీద వాళ్ళ సమ్మతి సరిగా తీసుకోకుండానే కొత్త మందులు ప్రయోగించాడని స్విస్ చరిత్రకారులు 2019లో వెలువరించిన అధ్యయనం వివరించింది. క్షయ వార్డులో దగ్గుతున్న కూలివాళ్ళు, గోడల వెనక మూగబోయిన రోగులు, మిసిసిపీ ఖైదీలు: ఈ జ్ఞానానికి మూల్యం చెల్లించిన వీళ్ళ పేర్లు ఏ నోబెల్ ఉపన్యాసంలోనూ వినిపించవు.

1961లో జూలియస్ ఆక్సెల్‌రాడ్ ఇమిప్రమిన్ పనిచేసే తీరు కనిపెట్టాడు. నాడీకణం వదిలిన సంకేత రసాయనాన్ని మళ్ళీ లోపలికి పీల్చుకోకుండా ఈ మందు అడ్డుపడుతుంది. 1965లో జోసెఫ్ షిల్డ్‌క్రాట్ ఇవన్నీ కూర్చి, నార్‌ఎడ్రినలిన్ లోటే కుంగుబాటుకు మూలం కావచ్చునని రాశాడు. బ్రిటన్‌లో అలెక్ కోపెన్ సెరొటోనిన్ వైపు మొగ్గాడు. షిల్డ్‌క్రాట్ దీన్ని నిరూపితమైన సత్యంగా చెప్పలేదు. పరిశోధనకు దారిచూపే ఊహగానే చెప్పాడు. "కావచ్చు" అన్న ఆ క్రియాపదం ఎక్కడ పోయిందన్నదే తర్వాతి కథ.

4. ప్రకటనగా మారిన ఊహ

సెరొటోనిన్ ఒక్కదాని మీదే పనిచేసే మందు కోసం ఇలై లిల్లీ కంపెనీలో మొలాయ్, ఫుల్లర్, వాంగ్ వెతికారు. వాళ్ళు తయారుచేసిన ఫ్లూఆక్సెటిన్ వివరాలు 1974లో అచ్చయ్యాయి. 1987 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ప్రోజాక్ అనే పేరుతో అది ప్రపంచమంతా తిరిగింది. పాత మందులకంటే దీనివల్ల ప్రాణాపాయం తక్కువ. ఈ మేలు కాదనలేనిది. ఐతే 1990లలో మందుల ప్రకటనలు, పత్రికల శీర్షికలు "రసాయనాల అసమతుల్యత" అనే మాటను ఇంటింటికీ చేర్చాయి. శాస్త్రజ్ఞుడి సందేహం సరుకు మీది నినాదంగా మారింది.

మన హైదరాబాదు ఈ కథలోకి వచ్చేది ఇక్కడే. తార్నాకలో పోషకాహార సంస్థకు దగ్గరలోనే ప్రాంతీయ పరిశోధనశాల ఉంది. 1944లో సంస్థానపు కేంద్ర ప్రయోగశాలగా మొదలై, 1956లో కేంద్ర ప్రభుత్వ పరిశోధనా మండలి కిందికి వచ్చి, 1989లో భారత రసాయన సాంకేతిక సంస్థగా పేరు మార్చుకుంది. బాలానగర్‌లో సోవియట్ సహకారంతో ప్రభుత్వరంగ మందుల కర్మాగారం ఐ.డి.పి.ఎల్. వెలిసింది. 1970 నాటి పేటెంటు చట్టం 1972లో అమలుకు వచ్చాక, మందు మీద గుత్తహక్కు పోయి తయారీ పద్ధతి మీద మాత్రమే హక్కు మిగిలింది. అదే మందును మరో పద్ధతిలో చేయగలిగిన రసాయన శాస్త్రజ్ఞులకు ఈ నగరం నిలయమైంది. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పుట్టిన అంజిరెడ్డి ఐ.డి.పి.ఎల్.లో పనిచేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ కంపెనీ పెట్టాడు. ప్రోజాక్ పేటెంటు గడువును తగ్గిస్తూ 2000లో అమెరికా కోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, 2001 ఆగస్టులో ఆ కంపెనీ 40 మిల్లీగ్రాముల ఫ్లూఆక్సెటిన్ గొట్టాలను అమెరికాలో అమ్మింది. 180 రోజులపాటు ఆ మోతాదును అక్కడ అమ్ముకునే ప్రత్యేక హక్కు పొందిన తొలి భారతీయ కంపెనీ అది.

అప్పట్లో ఈ వార్తను పత్రికల్లో గర్వంగా చదివినట్టు గుర్తు. ఏడాది తిరక్కుండానే నా గదిలో ఒకడు గోడకానుకొని కూర్చున్నాడు. సముద్రాలు దాటి వెళ్తున్న మందు మా హాస్టల్ మెట్లెక్కలేదు. ఎక్కవలసిన అవసరం ఉందని మా ఎవరికీ తెలియదు.

5. ఇవాళ తెలిసింది

మొదటి నుంచీ ఒక ప్రశ్న శాస్త్రజ్ఞులను వేధించింది. మందు వేసుకున్న కొద్ది గంటల్లోనే నాడీకణాల మధ్య సెరొటోనిన్ పెరుగుతుంది. మనసు తేరుకోవడానికి మాత్రం రెండు నుంచి నాలుగు వారాలు ఎందుకు పడుతుంది? లోటే జబ్బయితే లోటు తీరగానే జబ్బు పోవాలి కదా! 1990ల నుంచి రోనల్డ్ డ్యూమన్ వంటివారు దీనికొక జవాబు సూచించారు. దీర్ఘకాలపు ఒత్తిడిలో కార్టిసాల్ అనే హార్మోను తగ్గుముఖం పట్టదు. జ్ఞాపకానికి కీలకమైన హిప్పోకాంపస్‌లో నాడీకణాల కొమ్మలు కుంచించుకుపోతాయి. మందులు ఈ కణాలను పోషించే ప్రోటీన్లను పెంచి, కొత్త కొమ్మలు వేయడానికి సాయపడతాయి. చిగురు వేయడానికి కాలం పడుతుంది. ఇది కూడా పూర్తి జవాబు కాదు. 2000లో కెటమిన్ అనే మత్తుమందు గంటల్లోనే కుంగుబాటును తగ్గించగలదని తేలింది. దాని రూపాంతరానికి 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది పనిచేసేది గ్లూటమేట్ అనే మరో సంకేత రసాయనం మీద.

2022లో జోవన్నా మాంక్రీఫ్, ఆమె సహ పరిశోధకులు సెరొటోనిన్ పరిశోధనలన్నిటినీ సమీక్షించి, సెరొటోనిన్ తగ్గడమే కుంగుబాటుకు కారణమనడానికి స్థిరమైన ఆధారం లేదన్నారు. దానితో కొందరు మందులే బూటకమనే దాకా వెళ్ళారు. ఆ రెండు వాక్యాలకూ మధ్య చాలా దూరముంది. తలనొప్పికి ఆస్పిరిన్ పనిచేస్తుంది, అంతమాత్రాన ఆస్పిరిన్ లోటు వల్ల తలనొప్పి వచ్చిందని అనం. 2018లో సిప్రియానీ బృందం 522 పరీక్షలను, లక్షా పదహారువేల మందికి పైగా రోగుల వివరాలను పరిశీలించి, 21 మందులూ ఉత్తుత్తి గోలీకంటే మెరుగ్గా పనిచేశాయని తేల్చింది. సగటున ఆ మేలు మధ్యస్థమే. ఒకరికి పనిచేసింది మరొకరికి చేయకపోవచ్చు. మందు మొదలుపెట్టినా ఆపినా వైద్యుడి సలహా మీదనే, మెల్లగా జరగాలి.

ఈ శాస్త్రానికి సమాజం వైపు నుంచి కూడా గట్టి సాక్ష్యం ఉంది. లండన్‌లో కేంబర్‌వెల్ పేటలోని స్త్రీలను ఏళ్ళ తరబడి అధ్యయనం చేసి జార్జ్ బ్రౌన్, టిరిల్ హారిస్ 1978లో పుస్తకం వెలువరించారు. కష్టం అందరికీ వచ్చినా అందరూ కుంగిపోలేదు. పదకొండేళ్ళ లోపు తల్లిని పోగొట్టుకున్నవారు, ఇంట్లో ముగ్గురు చిన్నపిల్లలున్నవారు, బయట ఉద్యోగం లేనివారు, మనసు విప్పి చెప్పుకునే మనిషి లేనివారు ఎక్కువగా కుంగిపోయారు. పిల్లలున్న శ్రామికవర్గ స్త్రీలకు ముప్పు మరీ ఎక్కువ. కార్టిసాల్ గురించి మాట్లాడేవారూ కేంబర్‌వెల్ గురించి మాట్లాడేవారూ ఒకే మనిషి గురించి మాట్లాడుతున్నారు. ఒకరు చర్మం లోపల, ఒకరు చర్మం బయట నిలబడి చూస్తున్నారు.

6. ఎర్రగడ్డ అనే తిట్టు

హైదరాబాదులో ఎవరినైనా ఎగతాళి చేయాలంటే "ఎర్రగడ్డకు పంపాలి" అంటారు. సంస్థాన కాలంలో జాల్నాలో ఉండిన మానసిక వైద్యశాల 1953లో ఎర్రగడ్డకు వచ్చింది. ఒక ఆస్పత్రి పేరు తిట్టుగా మారిన చోట రోగి తనంతట తాను తలుపు తట్టడు. చట్టం కూడా చాలాకాలం అతన్ని నేరస్థుడితో సమానంగానే చూసింది. 1912 నాటి ఉన్మాదుల చట్టమే 1987 చట్టం వచ్చేదాకా మన దేశాన్ని నడిపింది. 2017 చట్టం మానసిక చికిత్స పొందడాన్ని హక్కుగా ప్రకటించింది. మత్తు ఇవ్వకుండా విద్యుత్ చికిత్స చేయడాన్ని నిషేధించింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా భావించి ఆదుకోవాలే తప్ప శిక్షించరాదంది.

కాగితం మీది హక్కు గడప దాటిందా? 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వయోజనుల్లో నూటికి 2.7 మంది అప్పటికి కుంగుబాటుతో బాధపడుతున్నారు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దాని బారిన పడినవారు 5.2 శాతం. ఇలాంటి సాధారణ రుగ్మతలున్నవారిలో నూటికి 85 మంది దాకా చికిత్స అందనివారే. ఆ 12 రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. మందుల రాజధాని అని పేరు పొందిన నగరం మనది, మన రోగుల లెక్క మాత్రం మనకు లేదు.

ఆశ లేకపోలేదు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల దగ్గర, వైద్యపు డిగ్రీలేవీ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, కుంగుబాటు రోగులతో ఆరు నుంచి ఎనిమిది సార్లు మాట్లాడించారు. మానేసిన పనులను చిన్నచిన్నగా మళ్ళీ మొదలుపెట్టించడమే ఆ చికిత్స. మూడు నెలల తర్వాత వారిలో 64 శాతం మంది తేరుకుంటే, ఆ సాయం లేనివారిలో 39 శాతం మందే తేరుకున్నారని 2017లో లాన్సెట్ ప్రచురించింది. మాట కూడా మెదడు మీద పనిచేస్తుందన్నమాట. 2022 అక్టోబరులో ప్రభుత్వం టెలి మానస్ అనే ఉచిత ఫోను సహాయం మొదలుపెట్టింది. 14416 అనే ఆ నంబరు ప్రతి హాస్టల్ గోడ మీదా, ప్రతి బడిలోనూ ఉండాలి. మా బడి నోటీసు బోర్డు మీద నేను రాసిపెట్టాను.

7. విమర్శకు మిగిలిన పని

ఇప్పుడు మన విషయానికి వద్దాం. తెలుగు నవల మనసు లోపలికి వెళ్ళడానికి భయపడలేదు. 1940లలో గోపీచంద్ "అసమర్థుని జీవయాత్ర", బుచ్చిబాబు "చివరకు మిగిలేది" ఆ దారి తొక్కాయి. 1969లో నవీన్ "అంపశయ్య" ఈ ఉస్మానియా ప్రాంగణంలోనే, హాస్టల్ విద్యార్థి ఒకడి ఒక్కరోజు ఆలోచనల్లో నడిచింది. ఈ పాత్రలకు వైద్యుడి చీటీ రాయమని నేనడం లేదు. సీతారామారావుకు ఫ్లూఆక్సెటిన్ ఇస్తే నవల ఉండేది కాదని పరిహాసమాడటం సులువే. పాత్ర వేరు, మనిషి వేరు. పాత్రను మనం విశ్లేషిస్తాం. మనిషిని బతికించుకోవాలి.

మన తప్పు ఎక్కడంటే, నిరాశ అనే దృక్పథానికీ కుంగుబాటు అనే జబ్బుకూ ఒకే పేరు పెట్టాం. నిరాశ ఒక అభిప్రాయం. దానితో వాదించవచ్చు, ఓడించవచ్చు. కుంగుబాటు అభిప్రాయం కాదు. తెల్లవారుజామున లేపేస్తుంది, అన్నం రుచి పోగొడుతుంది, కాళ్ళకు బరువు కడుతుంది. దానితో వాదిస్తే, వాదించే శక్తి లేనివాడి మీద మరో నేరం మోపినట్టవుతుంది. నేను చేసింది అదే. అట్లాగని ప్రతి కన్నీటినీ జబ్బు అనడం కూడా ప్రమాదమే. పంట పోయి అప్పులపాలైన రైతు దుఃఖానికి మెదడు రసాయనాన్ని కారణంగా చూపించి చేతులు దులుపుకోవడం పాలకులకు సౌకర్యం. అతని అప్పు తీరాలి. అతనికి నిద్ర పట్టే మందు కూడా కావాలి. ఒకటి అడిగితే రెండోది వదులుకోవాలని ఎవరు చెప్పారు? తార్నాక జొన్నల కథ మనకు నేర్పేది ఇదే. రచయితలు ఈ రెండు అవసరాలనూ ఒకే మనిషిలో చూసి రాయాలి. విమర్శకులు ఒకదాని పేరుతో మరోదాన్ని కొట్టివేయకుండా చదవాలి.

నా మిత్రుడు బతికే ఉన్నాడు. ఏడెనిమిదేళ్ళ కింద కాచిగూడ స్టేషన్లో కనిపించాడు. ఊరి దగ్గర చిన్న ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. హాస్టల్ నుంచి వెళ్ళిన ఏడాదిన్నరకు వాళ్ళ మేనమామ బలవంతాన పట్నంలో వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాడట. మందు సంతోషాన్ని ఇచ్చిందా అని అడిగాను. "లేదు అన్నా. పొద్దున్నే లేచి మొహం కడుక్కునే శక్తి ఇచ్చింది. మిగతాది నేనే చూసుకున్న" అన్నాడు. ఆనాటి సభలో నేనన్న మాటలకు క్షమాపణ చెప్పబోతే, అవేవీ తనకు గుర్తులేవన్నాడు. అప్పుడు తనకేమీ వినపడేది కాదట. కవిత్వం రాస్తున్నావా అంటే, మళ్ళీ మొదలుపెట్టానన్నాడు. అచ్చుకు పంపమన్నాను. పంపితే మళ్ళీ విమర్శిస్తావా అని నవ్వాడు. ఈసారి కవితను మాత్రమే విమర్శిస్తానని మాట ఇచ్చాను.